సుడి తిరగని పెళ్ళి

నాగబాబు నోరు తెరిస్తే సముద్రం కూడా ఓ అడుగు వెనక్కి తగ్గి వింటుందని రేవులో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా నాగబాబే.

వేరే రోజైతే అసిరమ్మ అతని కోతలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. టీ బడ్డీ పెట్టుకున్నాక రోజుకి నలుగురు కోతలరాయుళ్ళు రాకుండా ఉంటారా, అందరివీ నెత్తికెత్తుకుంటే పాలు పొంగిపోతాయి. కానీ ఆ మధ్యాహ్నం ఆమె పొయ్యి మంట తగ్గించి, కొంగుకి చేతులు తుడుచుకుని మరీ వింటోంది. ఆమె అవసరం అలాంటిది.

కొడుకు ధనరాజ్ గుజరాత్‌లో, వెరావల్ రేవులో బోటు పనికి వెళ్ళాడు. ఇక్కడ కోడలు యమున మగపిల్లాణ్ణి కన్నది. రేపటికి ఇరవై ఒకటో రోజు, బారసాల. పిల్లాడి చెవిలో తండ్రి మూడుసార్లు పేరు పిలవాలి. ధనరాజ్ బోటు నిన్ననే ఒడ్డుకొచ్చింది, ఎల్లుండి మళ్ళీ వేటకి వెళ్ళిపోతుంది. అంటే రేపొక్కరోజే దారి. ఫోన్లో చూపిద్దామంటే, ఎప్పుడు వీడియో కలిపినా పిల్లాడు ఏడుపు మొదలెట్టి నోరు తెరిచేసరికి బొమ్మ బిగుసుకుపోయి, మధ్యలో ఆ గుండ్రం తిరగడం మొదలవుతుంది. రేవులో అందరూ దాన్ని సుడి అంటారు. నిన్న సాయంత్రం కూడా అంతే. "అమా, ఆడి నోరెప్పుడూ తెరుసుకునే ఉంటాదేటే?" అని అడిగాడు ధనరాజ్. అసిరమ్మ నవ్వేసింది. ఫోను పెట్టేశాక పొయ్యి ఊదుతున్నట్టు వంగి కాసేపు ఏడ్చింది.

అందుకే నాగబాబుని పిలిచి కూర్చోబెట్టింది. మూడేళ్ళ కిందట అతను వెరావల్ మానేసి వచ్చి బస్సులాగే చోట సెల్లు కొట్టు పెట్టాడు. ఊరికి టవరొచ్చి ఏడాది కాకముందే ఫోన్ల సంగతి తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదని తేల్చేశాడు. పద్దెనిమిది రోజుల కిందట ఈ ఊరివాడే అయిన గోవింద్ చెల్లెలు అరుణశ్రీ పెళ్ళిని వెరావల్‌లో ఉన్న గోవింద్‌కి ఫోన్లో చూపించింది అతనే.

"అయితే నాగబాబూ, అరుణశ్రీ పెల్లి ఒక్కపాలి కూడా సుడి తిరగనేదంటావు?" అంది అసిరమ్మ.

"ఒక్కపాలేటి అత్తా, రెప్పపాటు కూడా తిరగనేదు!" నాగబాబు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే పెద్ద కథే. "ఇను మరి. పెల్లికొడుకుది కళింగపట్నం అవతల. సుట్టూ సరుగుడు తోటలు, టవరేమో ఏటికి అవతల ఒడ్డున. ఫోన్లో గీతలెన్నో ఎరికా? ఒకటి. అదీ ఉందా నేదా అని నానే రెండుపాల్లు కళ్ళు తుడుసుకున్నాను. అటేపు గోవిందు ఫోనట్టుకుని కూకున్నాడు. 'అన్నా, ఓనరు సెలవీనేదు, సెల్లి మెళ్ళో తాళి పడ్డం నాను సూడాల, నీదే బారం' అన్నాడు. ఆ మాటిన్నాక ఊరుకుంటే నాను మనిసినేనా?"

"బాగా సెప్పినావు," అన్నాడు ఆటో గంగులు. అతను బేరాల్లేక అప్పటికి మూడో టీ తాగుతున్నాడు.

"మొట్టమొదలు ఫోను ఎలుగు తీసేసినాను. పూర్తిగా. స్క్రీను నల్లటి పెనంలాగైపోవాల. ఎందుకంటావు? ఫోనుకున్న బలం ఎలుగు తినేస్తే బొమ్మకేటి మిగుల్తాది? రెండు, గొంతు. గొంతూ బొమ్మా ఒకే దారంట ఎల్లాల, సన్న సందులో రెండు ఎడ్లబళ్ళు ఎదురైతే ఏటవుతాది? అందుకని, 'తమ్ముడూ, కనబడతందా?' అన్నాను, 'కనబడతన్నాది' అన్నాడు, అంతే, ఇటు గొంతూ అటు గొంతూ రెండూ కట్టేసినాను. దారంతా బొమ్మదే!"

అసిరమ్మకి ఇక్కడ చిన్న ముల్లు గుచ్చుకుంది. "గొంతు కట్టేస్తే నా కొడుకు పేరెలా పిలుస్తాడ్రా?"

"దానికీ ఉపాయమున్నాది, అక్కడికొస్తాను, నువ్వాగు. మూడోది ఐసు. సేపకి ఐసెయ్యకపోతే ఏటవుతాది? పాడవుతాది. ఫోనూ అంతే, ఏడెక్కితే మొద్దుబారిపోతాది. పెల్లివారి కూల్‌డ్రింకుల డబ్బాలోంచి గుప్పెడు ఐసు తీసి, తువ్వాల్లో సుట్టి, ఫోను కింద ఏసి, ఇదిగో, ఇలాగ గుండెలకానించి పట్టుకున్నాను. రెండున్నర గంటలు! గుండె గడ్డకట్టేసినాదనుకో. అయినా వొగ్గనేదు."

ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. వల బాగుచేసుకుంటున్న దాలయ్య కూడా ఐసు మాటకి తలాడించాడు. చేపకి మంచిదైనది ఫోనుకి చెడ్డదెలా అవుతుంది? అసిరమ్మకి ధైర్యం వచ్చింది. బడ్డీలో చక్కెర డబ్బా వెనకాల దాచిన యమున ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

జనం నమ్ముతున్నారని తెలిస్తే నాగబాబు ఆగలేడు. తెరచాపకి గాలి దొరికినట్టే.

"అయినా ఓ మూల అనుమానం పీకతన్నాది. గీత ఒకటే కదా! దగ్గర్లో తాటిసెట్టున్నాది. ఫోను పళ్ళతో కరుసుకుని సరసరా ఎక్కేసినాను. సగానికి ఎల్లేసరికి రెండు గీతలు. సిటారున మొవ్వలో కూకుంటే నాలుగు. ఇంకో మూరెడు సెట్టుండుంటే ఐదో గీత కూడా వొచ్చును, సెట్టు సాలనేదు."

"ఐసు తువ్వాలో?" అన్నాడు గంగులు.

"నెత్తికి సుట్టుకున్నాను. నువ్వు మద్దెలో అడ్డుతగలకు. అసలు సంగతి ఇప్పుడొస్తాది. బొమ్మలో కదలని ముక్కలుంటాయి సూడు, పందిరి రాట, అరటిసెట్టు, పెద్దమనుసులు, అయి ఒక్కపాలి పంపితే సాలు. కదిలే ముక్కల్నే మళ్ళీ మళ్ళీ పంపాల. ఎక్కువ కదిల్తే దారి సాలక సుడి తిరుగుతాది. మీ గుంటడు ఏడిసినప్పుడే ఎందుకు బిగుసుకుపోతంది అత్తా? కాళ్ళూ సేతులూ తన్నేస్తాడు కాబట్టి!"

అసిరమ్మ తలాడించింది. నిజమే. పిల్లాడు నిద్రపోతున్నప్పుడు వీడియో బాగానే వెళ్తుంది, ఏడిస్తేనే ఆగిపోతుంది. ఈ మనిషికి నిజంగానే ఏదో తెలుసు. ఆమె గుండె రేపటి పొద్దున్న తొమ్మిదింటికి పరిగెత్తింది. పిల్లాడు ఆవలించడం ధనరాజ్ చూస్తాడు. పిడికిలి విప్పడం చూస్తాడు. నోరు మూసుకోవడం కూడా చూస్తాడు.

"మరప్పుడేటి సేసినావు?" అంది ముందుకు వంగి.

"సెట్టు మీద నుంచే కేకేసినాను. 'ఒరే పెల్లోరూ! ఎవడూ జోరుగా కదలకండి! నెమ్మదిగా!' అంతే. పంతులుగారు ఒక్కో మాటకి రెండేసి నిమిషాలు తీసుకున్నారు. డోలు వాయించేవోడు కర్రెత్తితే దిగడానికి అర నిమిషం. పెల్లికూతురు దండెత్తింది, ఎత్తిందీ... ఎత్తిందీ... పావుగంట! పెల్లికొడుకు ముక్కు మీద ఈగ వాలినాది. ఈగకీ సెప్పినాను. అది రెక్క ఇప్పి, మళ్ళీ ముడిసి, మర్యాదగా కూకున్నాది."

దాలయ్య సూదీ దారమూ కింద పెట్టాడు. "అల్లుడూ, నానూ ఆ పెల్లిలో ఉన్నాను. అందరూ ఎప్పట్లాగే కదిలినారు గదరా?"

గంగులు గ్లాసు నోటి దగ్గర ఆపేశాడు. ఇక్కడితో కథ తేలిపోయిందనుకున్నాడు.

నాగబాబు జాలిగా చూశాడు. "మావా, అందరూ నెమ్మదైపోతే నెమ్మదని నీకెలా తెలుస్తాది? నువ్వూ నెమ్మదైపోయినావు! మూడు బూరెలు తిండానికి నీకు గంటన్నర పట్టినాది. సెట్టు మీద నుంచి నాను సూడనేదేటి?"

అందరూ గొల్లుమన్నారు. దాలయ్య ఆ లెక్క ఎక్కడ తప్పో వెతుక్కుంటూ మళ్ళీ సూది అందుకున్నాడు. నాగబాబు లేచి నిలబడ్డాడు. కథ కూర్చుని చెప్పేంత చిన్నదిగా లేదిప్పుడు.

"ఆ తర్వాత ఏటైందో ఎరికా? అందరూ నెమ్మదైపోనారు, బాగున్నాది. పందిరెనకాల సముద్రమో! ఒకటెనక ఒకటి కెరటాలు, ఊరుకుంటాదా అది? సుడి రావడానికి సిద్దంగా ఉన్నాది. ఒక్క గెంతు గెంతి ఒడ్డుకెల్లి సెప్పినాను. 'అమ్మా గంగమ్మా, ఒక్కగానొక్క అన్న, వెరావల్లో కూకుని సూస్తన్నాడు. ఓ అరగంట ఊరుకో తల్లీ' అన్నాను. అంతే! లేసిన కెరటం లేసినట్టే నిలబడిపోనాది. తాటిసెట్టంత నీటి గోడ! అందులో ఓ వంజరం, ఇంత పొడుగు, ఇటు తిరిగి పెల్లి సూస్తంది. అక్షింతలు సేతికిస్తే ఏసేదే, సేతుల్లేవు గానీ!"

"ఓలమ్మోలమ్మ!" గంగులు బల్ల చరిచాడు. "మరి దాన్నట్టుకోనేదా?"

"పెల్లికొచ్చిన సుట్టాన్ని కూరొండుకుంటావేట్రా?"

అసిరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే లెక్క వేసుకుంటోంది. సముద్రం ఆగలేదు, సరే. చెట్టెక్కలేదు, అదీ సరే. రూపాయిలో పావలా నిజమైనా తనకి చాలు. సుడి తిరగలేదన్న ఆ ఒక్క పావలా నిజమైతే చాలు.

"ఇంక సూడండి అసలు సిత్రం!" నాగబాబు గొంతు రేవు దాకా వినపడుతోంది. బస్సు దిగినవాళ్ళు కూడా ఇద్దరు ఆగారు. "ఇటు కదిలేది ఏటీ నేదు. దారంతా కాళీ. బొమ్మ పరిగెత్తినాది. పరిగెత్తీ పరిగెత్తీ మమ్మల్ని దాటిపోనాది! ఇక్కడ పంతులుగారు తాళిబొట్టు పళ్ళెంలోంచి తియ్యనేదు, అక్కడ వెరావల్లో గోవిందు తాళి కట్టడం సూసేసి అక్షింతలేసేసినాడు! ఇక్కడ బంతికి ఆకులెయ్యనేదు, అక్కడ అప్పగింతలై సెల్లి కారెక్కిపోనాది! ఇంకో పది నిమిషాలు వొగ్గేస్తే మేనల్లుడి అన్నప్రాసన కూడా సూసేసేవోడు. పెల్లిరోజే అంతదూరం బాగోదని నానే ఆపేసినాను!"

బస్సు దిగినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాగబాబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అతని కళ్ళు నిజంగానే మెరుస్తున్నాయి. చెట్టూ సముద్రమూ చేపా తన సరుకేనని అతనికి తెలుసు. కానీ గోవింద్ తన చెల్లెలి పెళ్ళి చూశాడన్నది మాత్రం అతనికి పచ్చి నిజం, అంత గొప్ప పని తన జన్మలో ఇంకోటి చెయ్యలేదు. ఆ సంతోషంతోనే మిగిలినదంతా చెబుతున్నాడు.

"అంచేత అత్తా, రేపు ఫోను నా సేతికియ్యి. నమ్మకం నేకపోతే గోవిందుని అడుగు. యేటలో ఉన్నాడు గానీ, ఇక్కడుంటే ఆడి నోటితోనే సెప్పిద్దును."

"యేటలో ఏటి?" అంది అసిరమ్మ. "బోటు తాడు పడి సెయ్యి కోసుకుపోతే ఓనరు ఇంటికి పంపేసినాడు. పొద్దున్న రైల్లో దిగినాడు. బడ్డీ ఎనకాల వలల మీద పడుకున్నాడు."

"నిజంగా?" నాగబాబు మొహం వెలిగిపోయింది. "పిలు! పిలు! ఓ తమ్ముడూ, గోవిందూ!"

గోవింద్ బడ్డీ చుట్టూ తిరిగి వచ్చాడు. ఎడమచేతికి కట్టు, జుట్టు నిండా వల పోగులు.

"నిద్దర సెడగొట్టినామేటి నాయనా?" అంది అసిరమ్మ.

"నిద్దరెక్కడత్తా. సముద్రం ఆగినకాడే లేసిపోనాను."

నాగబాబు అతణ్ణి బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "సెప్పు తమ్ముడూ. అత్త గుంటడి బారసాల రేపు. ఉన్నదున్నట్టు సెప్పు. సుడి తిరిగినాదా?"

అసిరమ్మ ఒళ్ళోని ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"నేదు," అన్నాడు గోవింద్. "రెండున్నర గంటలు. ఒక్కపాలి కూడా తిరగనేదు."

"ఇన్నారా!" నాగబాబు తొడ చరిచాడు. అసిరమ్మ ఫోను అతని చేతిలో పెట్టేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోవింద్ ఆ ఫోను వైపు చూశాడు. అసిరమ్మ మొహం చూశాడు. ఇటూ అటూ చూసి మెల్లిగా అడిగాడు. "మా యమ్మ ఈ సుట్టుపక్కల నేదు కదా?"

"సంతకెల్లినాది. ఏటిరా?"

"ఏటీ నేదత్తా. సుడి తిరగనేదు. కానీ నాకు కనబడింది నాగబాబన్న ముక్కు."

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అర్థం కాలేదు.

"వీడియో కలపగానే ముందేపు కెమేరా తెరుసుకుంటాది గదా. దాన్ని ఎనక్కి తిప్పాల. అన్న తిప్పనేదు. ఎలుగు తీసేసినాడు, తన మొగమే స్క్రీన్లో ఉందని తనకి కనబడనేదు. 'కనబడతన్నాది గానీ నువ్వే కనబడతన్నావు, ఫోను తిప్పు' అనబోతే మొదటి మాటకే గొంతు కట్టేసినాడు. నానరిసినాను. వెరావల్ రేవంతా ఇన్నాది, అన్నకి తప్ప. ఫోను గుండెలకానించుకున్నాడేమో, కింద నుంచి రెండు ముక్కు బొక్కలూ, గెడ్డమూ, పైన పందిరీ. కదలని బొమ్మకి సుడి రాదన్నాడు సూడు, అదీ నిజమే. ఆ ముక్కు కదలనేదు."

గంగులు నోట్లోని టీ బయటికి వచ్చేసింది.

"తాటిసెట్టెక్కినట్టు నాకైతే కనబడనేదు. ఎనకాలంతా వంటల డేరాయే. బూరెలు తొమ్మిది తిన్నాడు. లెక్కెట్టినాను, ఇంకేటి సెయ్యనూ?"

"నా ఆకులోయి కూడానా?" అన్నాడు దాలయ్య.

రేవు రేవంతా నవ్వింది. బస్సు దిగినవాళ్ళు నేల మీద కూలబడ్డారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఇక్కడ తన్నినవాడు చేతికి కట్టుతో, నిద్రమొహంతో, నవ్వకుండా కూర్చున్నాడు. నాగబాబు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ మూశాడు. రేవులో అది ఎవరూ ఇంతవరకు చూడని సంగతి.

"తమ్ముడూ," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "అయితే నువ్వు తాళి సూడనే నేదేట్రా?"

గోవింద్ తల వంచుకున్నాడు. "ఒక్కపాలి నీ మూతి వొంకరపోనాది. నమలడం మానేసినావు. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారినాయి, ఫోను మీదే పడ్డాయి. అప్పుడు నాకు తెలిసినాది, సెల్లికి తాళి పడిందని. నానూ అక్షింతలేసినాను. నీ ముక్కు మీద పడ్డాయి."

బడ్డీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

"నువ్వు నిలబడాల్సిన సోట నన్ను నిలబెట్టినార్రా," అన్నాడు నాగబాబు. "అందుకని ఏడుపొచ్చేసినాది."

"తెలుసన్నా. అందుకే ఎవరికీ సెప్పనేదు. అమ్మకి ఫోను సేసి అంతా సూసినానన్నాను, ఆ సాయంత్రమే బోటెక్కేసినాను. ఇప్పుడు కూడా సెప్పకపోదును." గోవింద్ అసిరమ్మ వైపు తిరిగాడు. "కానీ రేపు దనరాజు బావ నీ ముక్కుకి పేరెట్టేస్తాడు గదన్నా!"

ఈసారి అందరికంటే ముందు నాగబాబే నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, ఫోను తెచ్చి అసిరమ్మ ముందు బల్ల మీద పెట్టేశాడు. "గోవిందుకియ్యి అత్తా. నావల్ల కాదు."

అసిరమ్మ ఆ ఫోను వంక కాసేపు చూసింది. గోవింద్‌కి ఉన్నది ఒక్క చెయ్యి. ఐసు సంగతి, కదలని బొమ్మ సంగతి తెలిసింది ఈ మనిషికే. పైగా పరాయి పిల్ల తాళికి ఏడ్చినవాడు తన మనవడికి అన్యాయం చేస్తాడా? ఆమె నుదుటి మీద స్టిక్కర్ బొట్టు ఊడదీసింది. పెద్దది, ఎర్రది. దాన్ని ఫోను ముందువైపు కెమేరా కన్ను మీద అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. గొంతు మీట చివరికంటా పైకి పెట్టింది. ఫోను మళ్ళీ నాగబాబు చేతిలో పెట్టింది.

"తొమ్మిదింటికి రా. కలపగానే కెమేరా గోవిందు తిప్పుతాడు. బొట్టున్న మొగం నీకేసి, రెండో మొగం గుంటడికేసి. గొంతు ముట్టుకున్నావంటే సెయ్యిరగ్గొడతాను."

"అలాగే అత్తా. మరి సముద్రం..."

"సముద్రాన్ని ఆపక్కర్నేదు," అంది అసిరమ్మ, పొయ్యి మంట పెద్దది చేస్తూ. "నీ ముక్కునాపితే సాలు."